గట్టిగా నవ్వినవాళ్ళు వంటింట్లోకి

మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి స్కూలు బస్సు కోసం బిల్డింగు కింద నీడ చూసుకుని నిలబడి ఉన్నాను. బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, నా మనసు ఎక్కడెక్కడికో పోయి రాకూడని ఆలోచనలన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. దాన్ని మళ్ళించుకోవడానికి ఫోను తిప్పుతూ ఉంటే, ఎవరో పెట్టిన చిన్న వీడియోలో నాకు బాగా తెలిసిన వీధి ఒకటి కనిపించింది. రాళ్ళు పరిచిన ఇరుకు వీధి, వరసగా మూడు తలుపులు, మూలన ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఒక ముసలమ్మ. నలుపు తెలుపుల్లో ఉండవలసిన ఆ వీధికి ఎవరో రంగులు పూశారు, వెనకాల డప్పుల పాట ఒకటి అతికించారు, మనుషులు ఇంకా వేగంగా పరిగెత్తేలా చేశారు. పన్నెండు సెకన్లలో అయిపోయింది. బస్సు దిగిన మా అమ్మాయికి ఎంతో ఉత్సాహంగా చూపించాను. సగం చూసి, వేలితో పైకి తోసేసి, ఆకలేస్తోందమ్మా అంది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. అప్పటి నుంచి ఇది రాయాలని కూర్చుంటున్నాను, ఇంట్లో అందరూ పడుకున్నాక రోజుకి కాసింత.

నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మనం డిగ్రీ చదివే రోజుల్లో సినిమా అంటే పెన్‌డ్రైవు. ఒకరి దగ్గర ఉన్నది ఊరంతా తిరిగి, చివరికి ఎవరిదో తెలియకుండా మన సంచిలోనే మిగిలిపోయేది. తిరుపతిలో నేను జర్నలిజం ఒక సబ్జెక్టుగా బి.ఏ. చదువుతున్నప్పుడు మా మేడం ఒకావిడ శనివారాల్లో క్లాసు కిటికీలకి దుప్పట్లు కట్టించి పాత సినిమాలు చూపించేవారు. అందులో ఒకటి, మాటలు ఇంకా రాని రోజుల్లో ఇటలీ వాళ్ళు తీసిన నవ్వుల సినిమా. ఇరవై నిమిషాలకి మించదు. మొదటి రీలు ఎక్కడో పాడైపోయిందట, అందుకని దానికి పేరు లేదు, తీసినాయన పేరూ లేదు. మేడం ఆయన్ని తలుపులాయన అనేవారు, మాకూ అదే అలవాటైంది.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. దర్జీ కొట్లో పనిచేసే బక్కమనిషి ఒకడు పెళ్ళికొడుకు సూటు అప్పజెప్పడానికి బయలుదేరతాడు. దారిలో వాన అందుకుంటుంది. సూటు తడవకుండా ఉండాలంటే దాన్ని తొడుక్కుని, పైన తన పాత కోటు వేసుకోవడమే మార్గమనుకుంటాడు. పెళ్ళివారి గుమ్మంలో కోటు విప్పేసరికి, అల్లుణ్ణి ముందెప్పుడూ చూడని మేనత్తలూ మేనమామలూ ఇతనే పెళ్ళికొడుకని చేతులు పట్టుకుని లోపలికి లాక్కుపోతారు. అసలు పెళ్ళికొడుకేమో సూటు వెతుక్కుంటూ వచ్చి బనీను మీద దర్జీ కొట్లో కూర్చుని ఉంటాడు. ఇక అక్కడి నుంచి చివరిదాకా ఆ వీధిలో పరుగులే.

కానీ తలుపులాయన పరుగుల్ని పట్టించుకోడు. కెమెరాని వీధికి అవతలి పక్కన పెట్టేశాడు, ఎదురింటి అరుగు మీద కూర్చున్న మనిషి ఎంత దూరం నుంచి చూస్తాడో అంత దూరంలో. ఇక దాన్ని కదపలేదు. ఎవరి ముఖం దగ్గరికీ పోలేదు. అందరూ ఒక తలుపులోంచి దూరి లోపలికి పోయాక మామూలుగా ఏ దర్శకుడైనా వాళ్ళ వెంట లోపలికి పోతాడు కదా, ఈయన పోడు. ఖాళీ వీధిని, మూసిన మూడు తలుపుల్ని చూపిస్తూ కూర్చుంటాడు. మనం ఎదురుచూస్తాం. ఏ తలుపు తెరుచుకుంటుందా అని ఒళ్ళంతా కళ్ళు చేసుకుంటాం. ఒక్కోసారి ఏ తలుపూ తెరుచుకోదు, పైన కిటికీలోంచి ఒక బూటు పడుతుంది. నవ్వు పుట్టేది ఆ బూటు పడినప్పుడు అనుకుంటాం గానీ, అది మూసిన తలుపు ముందే పుట్టి, లోపల ఊపిరి బిగబట్టుకుని ఉంటుందని మేడం చెప్పేవారు. భయమూ నవ్వూ ఒకే చోట కాచుకుని ఉంటాయని, చూసేవాడికి ఏది వస్తుందో చివరి క్షణం దాకా తెలియనివ్వకపోవడమే ఆయన పనితనమని అనేవారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, అర్థమైంది మాత్రం చాలా తర్వాత, ఈ గల్ఫు దేశంలో, మహబూలాలో.

పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తల్లో మేము మహబూలాలో ఏడో అంతస్తులో ఒక గదీ హాలూ ఉన్న ఫ్లాటులో ఉండేవాళ్ళం. మా ఆయన అల్ రాయ్‌లో ఒక గోడౌనులో స్టోర్‌కీపరు. పొద్దున చీకటితో పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రాక. చదివిన చదువు అట్టపెట్టెలో సర్టిఫికెట్లతో పాటు పడుకుని ఉండేది. అలాంటప్పుడు కింది అంతస్తులో ఉండే నర్సు అక్క ఒకామె, రెండు వారాలు చూసి పెట్టమ్మా అని తన ఇద్దరు మగపిల్లల్ని నా దగ్గర దింపి డ్యూటీకి పోయింది. రెండు వారాలు ఏడాదైంది. మనలో ఎంతమంది ఇలా ఇతరుల పిల్లల్ని పెంచి ఉంటారో, ఎంతమంది పిల్లలు ఇలా పక్కింట్లో నడక నేర్చుకుని ఉంటారో ఇక్కడ బతికిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

తర్వాత వచ్చింది ఒక పాప. మూడున్నరేళ్ళది. వాళ్ళమ్మ అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి ఒక ఇంట్లో పనిచేసేది. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, శుక్రవారం తప్ప బయటికి పంపేది కాదు. తండ్రి డ్రైవరు. ఆయన పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర నుంచి కొత్త కఫీల్ దగ్గరికి మారే మధ్యలో పాప ఇఖామా, ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, దాని కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. పిల్లని నా ఒళ్ళో పెట్టిన రోజునే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా బిడ్డకి ఇఖామా ల్యాదక్కా. ముందే చెప్తాండా, రేపు నన్ను అనద్దు. ఎవురన్నా పట్టుకున్యారంటే నన్నూ దాన్నీ యేలిముద్రలు తీసుకొని ఇమానం ఎక్కిచ్చేస్తారు. ఇంగ జన్మలో రానియ్యరు. మా ఆయనొక పక్క, మేమొక పక్క."

ఆ రాత్రి మా ఆయన అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండానే, మనకెందుకీ రచ్చ, రేపు ఎవరన్నా అడిగితే ఏమని చెప్తావు అన్నాడు. నేను ఆయన గ్లాసులో మజ్జిగ పోశాను. అప్పటికి నాకు అయిదో నెల. కడుపులో బిడ్డ కొత్తగా కదలడం తెలుస్తున్న రోజులు. ఇంకొకరి బిడ్డని వద్దని పంపించడానికి నోరు రాలేదు, అంతే.

పాపతో వచ్చిన చిక్కల్లా దాని నవ్వు. తల వెనక్కి వాల్చి, గొంతంతా తెరిచి, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వేది. చెంచా కింద పడితే నవ్వు, నర్సు అక్క పెద్దకొడుకు తుమ్మితే నవ్వు. ఏడో అంతస్తులో నవ్వితే కింద దుకాణం దాకా వినపడేది. మా బిల్డింగులో ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకోవడం కుదరదని ముందే చెప్పి ఉన్నారు. కాపలా ఉండే హారిస్ రెండుసార్లు తలుపు కొట్టి, పిల్లల చెప్పులు లెక్కపెడుతున్నట్టు గుమ్మం వైపు చూస్తూ, "బచ్చా ఆవాజ్ నహీ. ముదీర్ గుస్సా. మేరా నౌకరీ ఖలాస్" అని, పిల్లల గోల వినపడితే మేనేజరు తన ఉద్యోగం తీసేస్తాడన్నట్టు మెడ మీద చెయ్యి అడ్డంగా గీసి చూపించి పోయాడు. మంచివాడే, వాడి భయం వాడిది. రెండోసారి వచ్చి పోయాక చెప్పులన్నీ లోపలికి తెచ్చేశాను. చెప్పుల్ని దాచగలం, నవ్వుని ఎక్కడ దాచేది?

అప్పుడు గుర్తొచ్చాడు తలుపులాయన. పాత పెన్‌డ్రైవు వెతికి లాప్‌టాపుకి పెట్టాను. మాటలు లేని సినిమా, పాటలు లేని సినిమా, చప్పుడే లేని సినిమా. పిల్లలకి ఒక ఆట చెప్పాను. దీన్ని చూస్తూ నవ్వొచ్చు, గొంతు మాత్రం బయటికి రాకూడదు. చేత్తో నోరు మూసుకుని లోపల లోపలే నవ్వాలి. గట్టిగా నవ్వినవాళ్ళు వంటింట్లోకి పోయి, తెర మీద తలుపు మళ్ళీ ఒకసారి తెరుచుకునేదాకా బియ్యం డబ్బా పక్కన కూర్చోవాలి. ఎంత తెలివైనదాన్నో అని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి వారం పాప సినిమా అంతా వంటింట్లోనే గడిపింది. ఓడిపోయినందుకు కూడా నవ్వేది. నర్సు అక్క పెద్దకొడుక్కి ఆ ఆటలో చట్టమంటే చట్టమే, వేలు చూపించి పంపించేవాడు. తర్వాత తర్వాత పాప నేర్చుకుంది. పిల్లలు ముగ్గురూ పరుగుల్ని చూడటం మానేసి మూలనున్న ముసలమ్మనే చూసేవాళ్ళు. ఇంతమంది ఆమె మీది నుంచి దూకి పరిగెడుతున్నా ఆమె ఒక్కసారి కూడా తల ఎత్తదు. జనం వచ్చే క్షణానికి సరిగ్గా బుట్టని ఇటు జరుపుతుంది, వాళ్ళు పోయాక మళ్ళీ అటు జరుపుకుని కాయలు ఒలుచుకుంటుంది. వాళ్ళు ఆమెకి అవ్వ అని పేరు పెట్టుకున్నారు. అవ్వ బుట్ట జరిపినప్పుడల్లా మూడు చిన్న చేతులు మూడు నోళ్ళ మీదికి పోయేవి, భుజాలు ఊగేవి, చప్పుడు ఉండేది కాదు. నెల తిరిగేసరికి ఆ ఆటలో పాపని మించినవాళ్ళు లేరు.

చెకింగ్ వచ్చింది ఒక బుధవారం పొద్దున. ఆ మాట వింటే ఇక్కడ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాళ్ళు కూడా పర్సు తెరిచి కార్డు ఉందో లేదో చూసుకుంటారు. మా ఎదురు ఫ్లాటులో రాయచోటి ముస్లిం ఆవిడ ఒకామె ఉండేది, అందరం ఆపా, అంటే అక్క, అని పిలిచేవాళ్ళం. ఇంట్లోనే బట్టలు కుట్టేది. నాకన్నా పదేళ్ళు పెద్ద, నోరు ఇంకా పెద్దది. ఆమె మెడలో టేపు తీయకుండానే లోపలికి వచ్చి తలుపు గడియ వేసింది.

"ఏమ్మే, కింద రెండు బండ్లు వచ్చిండాయి. లిఫ్టు ఆపేసినారు. మెట్లకాడ కూడా మనుషులు నిలబడుకోనుండారు. ఒక్కో ఇల్లు చూసుకుంటా పైకి వస్తాండారంట. ఈ బిడ్డ సంగతేంది?"

పాపని మంచం కింద పెట్టాలనిపించింది, బీరువాలో పెట్టాలనిపించింది. మేడ మీదికి తీసుకుపోదామంటే మెట్ల దగ్గర మనుషులున్నారు. ఆపా నా చేతిని గట్టిగా పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, నువ్వు పడితే కడుపులోదానికి ప్రమాదం, నువ్వు గమ్మునుండు, నేను చూసుకుంటా అంది. ఆమె కూతురు ఈ పాప వయసుదే. వాళ్ళ నానీతో, అంటే అమ్మమ్మతో, రాయచోటికి పోయి రెండు నెలలైంది. ఆ పిల్ల కార్డు ఆపా పర్సులోనే ఉండిపోయింది. కార్డు మీది ఫోటోలో ఉన్నది ఏడాది పసిది, ఏ పసిదైనా అలాగే ఉంటుంది. ఇది ఈ పూటకి నా కూతురు, అంతే, అంది ఆపా. పాపని దగ్గరికి తీసుకుని, ఎవరైనా పేరు అడిగితే తన కూతురి పేరు చెప్పాలని మూడుసార్లు చెప్పించింది. పాప బుద్ధిగా మూడుసార్లూ చెప్పింది.

పిల్లలు బెదిరిపోయి ఏడవకుండా ఉండాలని నేను లాప్‌టాపు పెట్టాను. ముగ్గుర్నీ చాప మీద కూర్చోబెట్టి సినిమా వేశాను. ఆట ఆడదాం అన్నాను. అలవాటుగా మూడు చేతులు నోళ్ళ మీదికి పోయాయి. ఇక నాకు చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆపా, నేను, తలుపు.

ఆరో అంతస్తులో బూట్ల చప్పుడు వినిపించింది. ఏదో తలుపు తెరిచారు, ఎవరో హిందీలో బతిమాలుతున్నారు, తలుపు మూశారు. మళ్ళీ నిశ్శబ్దం. మా తలుపుకి ఉన్న గొళ్ళెం, దాని కింద పెచ్చు లేచిన రంగు, పక్కన మేకుకి వేలాడే తాళాలు, అన్నీ ఆ రోజు చూసినంత శ్రద్ధగా నేను ఎప్పుడూ చూడలేదు. తెర మీద కూడా సరిగ్గా అదే జరుగుతోంది. అందరూ లోపలికి దూరిపోయారు, వీధి ఖాళీ అయింది, మూసిన తలుపులు. మేడం చెప్పిన మాట అప్పుడు తెలిసింది నాకు. నాకు నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియలేదు.

తలుపు కొట్టారు.

ఆపా తీసింది. యూనిఫాంలో మధ్యవయసు ఆఫీసరు ఒకాయన, వెనకాల ఒక పోలీసు, ఆ వెనకాల పాలిపోయిన ముఖంతో హారిస్. ఆపా సలాం చెప్పి కార్డులు ఒక్కొక్కటే అందించింది. నాది, తనది, నర్సు అక్క పిల్లలవి. వాళ్ళమ్మ ఆస్పత్రిలో డ్యూటీలో ఉందని, మేము ఇరుగుపొరుగు వాళ్ళమని ఆమెకి వచ్చిన అరబ్బీలో చెప్పింది. ఆయన తల ఊపాడు. నాలుగు కార్డులూ అయ్యాయి. అయిదోది తన కూతురిది ఇచ్చి, బింతీ, నా కూతురు అంది. ఆయన కార్డు చూశాడు, పాపని చూశాడు. వంగి, మెత్తగానే, నీ పేరేమిటి అని అరబ్బీలో అడిగాడు.

పాప చెప్పలేదు. చెప్పదు. సినిమా నడుస్తోంది, చెయ్యి నోటి మీద ఉంది, గొంతు బయటికి వస్తే ఓడిపోయినట్టు. నెల రోజులుగా నేను నేర్పింది అదే. ఆయన మళ్ళీ అడిగాడు. పాప కళ్ళు నా వైపు తిరిగాయి. నేను సరిగ్గా నేర్చుకున్నాను కదా అని అడుగుతున్నట్టున్నాయి ఆ కళ్ళు.

అప్పుడు చూశాను. పాప నుదుటి మీద బొట్టు ఉంది. బుగ్గన దిష్టి చుక్క ఉంది. పొద్దున స్నానం చేయించి, తల దువ్వి, రోజూ పెట్టినట్టే నేనే పెట్టాను. కార్డు మీద ఆపా కూతురి ముస్లిం పేరు, ఎదురుగా ఎర్రటి బొట్టు పెట్టుకున్న పిల్ల. అన్నీ చూసుకున్నాం, లాప్‌టాపు చూసుకున్నాం, కార్డు చూసుకున్నాం, ముగ్గురు పిల్లల ముక్కులు కూడా తుడిచాం. పొద్దున లేస్తే ఆడపిల్ల నుదురు బోసిగా ఉండకూడదని పుట్టినప్పటి నుంచి చూసిన నా కళ్ళకి అది అక్కడ ఉన్నట్టే కనపడలేదు. ఆయన కళ్ళు అక్కడే ఆగాయి.

ఆపా కూడా చూసింది. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. బొటనవేలు నాలుకకి తడి చేసుకుని పాప నుదురు గట్టిగా తుడిచేస్తూ నా మీద విరుచుకుపడింది.

"నీకు ఎన్నిసార్లు చెప్పల్లమ్మే? నా బిడ్డకి ఈ సింగారాలు పెట్టద్దని మొత్తుకుంటాండా గదా! నీకు ఆడపిల్ల కావాలంటే కనుక్కో, కడుపుతోనే ఉండావు గదా. రేపు వీళ్ళ నాయన చూసినాడంటే నిన్నూ నన్నూ కలిపి వాయిస్తాడు!"

తర్వాత ఆయన వైపు తిరిగి, నన్ను చూపించి, లాబ్, లాబ్, ఆట అని చేతులు తిప్పింది. నేను తల దించుకున్నాను. ఆమె తిట్టిన తిట్లు నటన అని తెలిసినా నాకు నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి, అది మేలే చేసిందేమో.

ఆయన కార్డు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడ్డాడు. ఏం చేయాలో తేల్చుకునే మనిషి ఎటో చూస్తాడు కదా, అలా ఆయన చూపు లాప్‌టాపు మీద పడింది. ఖాళీ వీధి. మూడు తలుపులు. ఎంతకీ ఎవరూ రావడం లేదు. ఆయన చూస్తున్నాడు. వెనకాల పోలీసు మెడ చాచి చూస్తున్నాడు. హారిస్ కూడా చూస్తున్నాడు. మూలనున్న అవ్వ, ఏ తలుపూ తెరుచుకోకముందే, తల ఎత్తకుండా, బుట్టని నెమ్మదిగా ఇటు జరిపింది. మరుక్షణం మూడు తలుపులూ ఒకేసారి తెరుచుకుని పెళ్ళివారంతా వీధిలోకి ఊడిపడ్డారు.

ఆఫీసరు గట్టిగా నవ్వేశాడు. గదంతా ఆ నవ్వే వినపడింది, ఎందుకంటే చాప మీద ముగ్గురు పిల్లలూ నోళ్ళు మూసుకుని భుజాలు ఊపుతున్నారు, కిక్కురుమనలేదు. ఆయన వింతగా వాళ్ళని చూశాడు. నర్సు అక్క పెద్దకొడుకు లేచి నిలబడ్డాడు. ఎడమ చేత్తో నోరు మూసుకునే ఉండి, కుడిచేతి వేలు ఆఫీసరు వైపు చూపించి, తర్వాత వంటింటి వైపు చూపించాడు. ఆయన ఆపా వైపు చూశాడు. ఆపా వచ్చీరాని అరబ్బీలో, ఇది ఆట, గట్టిగా నవ్వినవాళ్ళు వంటింట్లోకి పోయి కూర్చోవాలి అని చెప్పింది. వెనకున్న పోలీసు పక్కకి తిరిగి దగ్గినట్టు నవ్వాడు.

ఆయన కార్డులన్నీ పేర్చి ఆపా చేతిలో పెట్టాడు. "ఖలాస్. యల్లా" అన్నాడు, అయిపోయింది, పద అని, మాతో కాదు, తన మనిషితో. గుమ్మం దాటబోతూ ఒక్కసారి ఆగి, ఆపా వైపు సగం తిరిగి, చూపుడువేలితో తన నుదుటి మధ్య రెండుసార్లు తట్టుకుని, వెళ్ళిపోయాడు. వెలుతురు వెనక నుంచి పడుతోంది, ఆయన ముఖంలో ఏముందో నాకు కనపడలేదు. హెచ్చరించాడో, వదిలేశానని చెప్పాడో, ఆ పిల్లల్లాగా తనూ ఆటే ఆడాడో నేను ఇప్పటికీ చెప్పలేను. బూట్ల చప్పుడు ఎనిమిదో అంతస్తుకి ఎక్కింది. ఆపా గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని, మెడలోని టేపుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు దాన్ని టేపని గుర్తించలేదు.

సినిమా అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు అన్నాను పిల్లలతో. మగపిల్లలిద్దరూ వెంటనే కొట్టుకోవడం మొదలుపెట్టారు. పాప మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు మాట్లాడలేదు. మర్నాడు నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించింది. భయపడి ఉంటుంది, తగ్గిపోతుంది అంది ఆపా. శుక్రవారం వాళ్ళమ్మ వచ్చింది. పాప పరిగెత్తుకుంటూ పోయి కాళ్ళని చుట్టేసుకుంది. తల్లి ఎత్తుకుని పొట్ట మీద ముక్కుతో రుద్దింది. పాప నవ్వింది. చెయ్యి నోటి మీద పెట్టుకుని, భుజాలు ఊపుతూ, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా, గొంతు అన్నదే లేకుండా నవ్వింది.

"అదేందక్కా, బిడ్డ ఇట్ల నవ్వుతాంది?"

నేను అంతా చెప్పాను. ఆట దగ్గర నుంచి బొట్టు దాకా ఏమీ దాచలేదు. ఆమె పాపని దించకుండా, నిలబడే వింది. చివరికి, పోనీలే అక్కా, బిడ్డ దక్కింది, నువ్వు లేకపోతే ఏమయ్యేదో అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పిల్ల చెయ్యి పట్టుకుని నోటి మీద నుంచి తీసింది, అది మళ్ళీ పోయి అక్కడే కూర్చుంది. తీసింది, మళ్ళీ పోయింది. మూడోసారి ఆమె తీయలేదు.

కాగితాలు ఇంకో రెండు నెలలకి ఒక దారికి వచ్చాయి. అప్పటికి తల్లిదండ్రులిద్దరికీ ఇక్కడ పిల్లని పెట్టుకునే ధైర్యం చచ్చిపోయింది. ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పంపించేశారు. పోయే రోజు లిఫ్టు దగ్గర పాపకి నేను చక్కిలిగింతలు పెట్టాను, ఒక్కసారి గట్టిగా నవ్వు తల్లీ అని. చెయ్యి నోటి మీదికి పోయింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. నేను ఆ మూసిన తలుపుల ముందు చాలాసేపు నిలబడ్డాను. దాని తర్వాత నేను ఎవరి పిల్లల్నీ చూసుకోలేదు. ఆ సినిమా మళ్ళీ వేయలేదు.

ఇప్పుడు మా బిల్డింగులో అంతస్తుకి నలుగురైదుగురు పిల్లలున్నారు, వరండాలో అడుగుపెడితే ఏసీల హోరు తప్ప ఏమీ వినపడదు. ఎవరి తెర వాళ్ళకి ఉంది, ఎవరి చెవుల్లో వాళ్ళకి చప్పుడుంది. పిల్లల్ని గమ్మున కూర్చోబెట్టడానికి ఏ తల్లీ ఆట కనిపెట్టక్కర్లేదు, హారిస్ తలుపు కొట్టక్కర్లేదు. నవ్వు కోసం ఎవరూ మూసిన తలుపు ముందు కాచుకుని కూర్చోవడం లేదు, పన్నెండు సెకన్లలో రాకపోతే వేలితో పైకి తోసేస్తున్నారు. తలుపులాయన ఇప్పుడు ఉంటే ఏం చేసేవాడో తెలియదు. మా అమ్మాయి ఎప్పుడన్నా స్నేహితురాలితో ఫోన్లో పకపకా నవ్వుతుంటే, నా చూపుడువేలు నాకు తెలియకుండానే పెదవుల మీదికి పోతుంది. మధ్యలో పట్టుకుని దించేసుకుంటాను. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి మాకు, ఎవరూ రావడం లేదు, అయినా పోతుంది.

ఇది రాయడం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. నిన్న పాప వాళ్ళమ్మ దగ్గర నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. ఏడాదికి ఒకటీ రెండూ వస్తుంటాయి. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే పనిచేస్తోంది. మామా నిద్రలేస్తుందేమోనని గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, బాగుండావా? మీ పాప బాగుందా? ఊర్లో మా దాంతో పెద్ద తలనొప్పి అయిపాయ అక్కా. అయిదో తరగతి గదా, టీచరు మా అమ్మను పిల్చుకోని తిట్టినాదంట. పాఠం చెప్తాంటే ఇకఇక నవ్వుతాదంట, అది నవ్వితే కిలాసంతా నవ్వుతాదంట, పక్క కిలాసు అయివారు కూడా వచ్చి అడిగిపోయినాడంట. నాకు సిగ్గు పోతాంది. నువ్వు చదువుకున్యావు గదా, దాన్ని ఎట్ల మాన్పియ్యల్లో చెప్పక్కా."

మూడుసార్లు విన్నాను. ఎలా మాన్పించాలో నాకు బాగా తెలుసు. అందుకే ఇంతవరకూ జవాబు ఇవ్వలేదు.